పాత నంబరు బతికుందా?

లాస్‌పేటలో కాలేజీలు ఎక్కువ, అద్దె గదులు ఎక్కువ. అందుకే సెల్ దుకాణాలూ ఎక్కువే. ఠాగూర్ ఆర్ట్స్ కాలేజీ, మోతీలాల్ నెహ్రూ పాలిటెక్నిక్, మహిళా పాలిటెక్నిక్, కాంచీ మామునివర్ పీజీ కేంద్రం అన్నీ ఇక్కడివే. పుదుచ్చేరి విమానాశ్రయమూ ఇక్కడిదే. జూలై, ఆగస్టు నెలల్లో ఈ దుకాణాల ముందు రెండు రకాల కొత్త మొహాలు కనిపిస్తాయి. ఒకరు యానాం నుంచి సీటు వచ్చి దిగిన పిల్లలు. రెండోవారు ఫ్రాన్స్‌లో బడులకు వేసవి సెలవులిచ్చారని తాతయ్య ఊరికి వచ్చిన కుటుంబాలు. ఒకరి చేతిలో ఆధార్, ఇంకొకరి చేతిలో ఫ్రెంచి పాస్‌పోర్టు. ఇద్దరికీ కావలసింది ఒకటే: ఇక్కడ మోగే ఒక నంబరు.

యానాం కుర్రాడిది చిత్రమైన సంగతి. వాళ్ల ఊరి ఎమ్మెల్యే కూర్చునేది పుదుచ్చేరి అసెంబ్లీలో. లెఫ్టినెంట్ గవర్నరూ ఒకరే. ప్రవేశాల కమిటీ సెంటాక్ ద్వారా సీట్లు పంచేటప్పుడు యానాం ప్రాంతానికి విడిగా వాటా కూడా ఉంటుంది. అంటే అతడు చదువుకోవడానికి వచ్చింది సొంత రాజధానికే. టెలికాం శాఖ పటంలో మాత్రం ఈ కేంద్రపాలిత ప్రాంతం ముక్కలుముక్కలుగా ఉంటుంది. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు సర్కిల్లోకి వెళ్తే, మాహే కేరళలోకి, యానాం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. ల్యాండ్‌లైన్ కోడ్ కూడా యానానికి కాకినాడదే, 0884. పుదుచ్చేరిది 0413. ఫోన్ కంపెనీ లెక్కలో అతడు పొరుగు రాష్ట్రం మనిషి.

ఇప్పుడు దీనివల్ల జేబుకు చిల్లేమీ పడదు. పదిహేనేళ్ల కిందట మాత్రం బాగానే పడేది. ఆంధ్రా సిమ్ లాస్‌పేటలో రోమింగే. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తినవాడికి నిమిషానికి రూపాయి డెబ్బై ఐదు పైసల దాకా కోత. 2013 జూలైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ పరిమితిని 75 పైసలకు, 2015 మే నెలలో 45 పైసలకు దించింది. మిస్డ్ కాల్ సంస్కృతి ఎక్కడ పుట్టిందని పరిశోధకులు వెతుకుతుంటారు కానీ, హాస్టళ్లలో వాకబు చేస్తే చాలు. ఒకసారి మోగిస్తే భోజనం చేశానని, రెండుసార్లు మోగిస్తే డబ్బులు పంపమని. రీచార్జి ఇంకో తంటా. వీధి చివర కొట్లో అమ్మే కూపన్ తమిళనాడు సర్కిల్‌ది, ఆంధ్రా నంబరుకు ఎక్కదు. యానాంలో నాన్న కొట్టుకు వెళ్లి వేయించాలి. అందుకని చాలామంది ఇక్కడొక తమిళనాడు సిమ్ కొనేసి, ఇంటి నంబరును పెట్టెలో పడేసేవారు. 2011 జనవరిలో నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు దేశమంతా వచ్చినా అది సర్కిల్ లోపలి మార్పిడే. సర్కిల్ దాటి నంబరు తీసుకుపోయే వీలు 2015 జూలై 3న గానీ రాలేదు. ఆ ఏడాదే జూన్‌లో బీఎస్‌ఎన్‌ఎల్ రోమింగ్‌లో ఇన్‌కమింగ్‌ను ఉచితం చేసింది. 2016 సెప్టెంబరులో జియో దిగాక దేశంలో రోమింగ్ అన్నమాటే అరిగిపోయింది. నేటి మొదటి సంవత్సరం విద్యార్థికి మిగిలిన తేడా ఒక్కటే: ఇక్కడి స్నేహితుడి నంబరు అందుబాటులో లేకపోతే ఆ సంగతి ఓ ఆడగొంతు తమిళంలో చెబుతుంది.

ఈ చిన్న కథలోనే పెద్ద కథ మొత్తం ఉంది. ఊరు దాటినవాడికి కొత్త నంబరు దొరకడం నాలుగు రోజుల పని. పాత నంబరును చావకుండా చూసుకోవడం ఏళ్ల తరబడి పని. మొదటిదాని గురించి అందరూ సలహాలిస్తారు. రెండోదాని గురించి, అది చచ్చాక ఏడుస్తారు.

నీకు పూచీ ఎవరు?

ఫ్రెంచి పాస్‌పోర్టు పట్టుకుని వచ్చిన మనవడి దగ్గరికి వద్దాం. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం 1954లోనే మన పాలనలోకి వచ్చినా చట్టప్రకారం అప్పగింత పూర్తయింది 1962 ఆగస్టు 16న. అప్పుడు ఫ్రెంచి పౌరులుగా ఉండిపోవాలనుకున్నవారికి ఆరు నెలల గడువిచ్చారు. అలా ఉండిపోయినవారి పిల్లలు, వాళ్ల పిల్లలు ఇప్పుడు పారిస్ శివార్లలో ఉంటారు, సెలవులకు ఇక్కడికి వస్తారు. తమిళం ఇంటి భాష, కొన్ని యానాం కుటుంబాల్లో తెలుగు. మొహం చూస్తే ఈ వీధి మనిషే. కాగితం చూస్తే విదేశీయుడు.

సెల్ దుకాణం చూసేది కాగితాన్నే. విదేశీయుడికి సిమ్ ఇవ్వాలంటే పాస్‌పోర్టు, వీసా, ఫోటో కావాలి, ఇక్కడ ఉండే చోటు చెప్పాలి. స్థానికుడు ఒకరి పేరు, నంబరు పూచీగా అడగడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. పర్యాటకుడి కనెక్షన్ వీసా గడువు దాటి బతకదు. ఆధార్ వేలిముద్రతో పక్కవాడి సిమ్ రెండు నిమిషాల్లో మోగుతుంటే, విదేశీ కాగితాలవాడిది పరిశీలన పూర్తయ్యేదాకా మూగగా ఉంటుంది. పది కిలోమీటర్ల దూరంలో, 1968లో మొదలైన ఆరోవిల్ ఉంది కనుక పుదుచ్చేరి దుకాణదారులకు ఈ తంతు కంఠతా వచ్చు. అదే మనిషి ఏ తణుకులోనో జగిత్యాలలోనో అడిగితే కొట్టువాడు ముందు పాస్‌పోర్టును తిరగేసి, తర్వాత ఓనర్‌కు ఫోన్ చేస్తాడు. ఈ దేశంలో ఏడాదిలో 182 రోజులు నివసించిన విదేశీయుడికి ఆధార్ పొందే అర్హత ఉంటుందన్నది చాలామందికి తెలియదు. దీర్ఘకాలం ఉండేవారికి అది ఎన్నో గుమ్మాలు తెరుస్తుంది.

ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ఢిల్లీ విమానాశ్రయంలో ఈ-వీసా పర్యాటకులకు బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్‌ను ఉచితంగా చేతిలో పెట్టే పథకం ప్రారంభించింది. 50 రూపాయల టాక్‌టైమ్, 50 ఎంబీ డేటా. ఆ డేటాతో టాక్సీ పిలుచుకోవచ్చు, అంతకుమించి ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. విదేశీ ఈ-సిమ్ అమ్మే ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లను 2024 జనవరిలో మన టెలికాం శాఖ ఆపించింది. మోసగాళ్లు వాటిని వాడుతున్నారన్నది కారణం. అంటే మన దేశానికి వచ్చేవాడికి దారి దుకాణం గుండానే, పూచీ మనిషి గుండానే.

ఇది మన దేశపు మొండితనమే అనుకోకండి. అటు ఫ్రాన్స్‌కు వెళ్లిన విద్యార్థిని అడగండి. నెలనెలా బిల్లు కట్టే ఫోన్ కనెక్షన్‌కైనా, ఇంటికి ఇంటర్నెట్ బాక్స్‌కైనా అక్కడి బ్యాంకు ఖాతా వివరాల కాగితం కావాలి. బ్యాంకు ఖాతాకు ఇంటి చిరునామా రుజువు కావాలి. చిరునామా రుజువుగా చెల్లే కాగితాల్లో ఫోన్ బిల్లు ఒకటి. చెట్టు ముందా, విత్తు ముందా? ఈ ముడిని విప్పేది మళ్లీ ఒక మనిషే. ఫలానావారు మా ఇంట్లో ఉంటున్నారని ఇంటివాళ్లు సంతకం చేసి ఇచ్చే పత్రం అక్కడ చెల్లుతుంది. అందాకా రోజులు గడిపేది ప్రీపెయిడ్ సిమ్‌తో. పారిస్‌లో గార్ దు నోర్ రైల్వే స్టేషన్ వెనక, లా షాపెల్ వీధుల్లో, తమిళ బోర్డుల కింద లైకా, లెబారా సిమ్‌లు అమ్ముతారు. ఆ లైకామొబైల్ శ్రీలంక తమిళుడు సుభాస్కరన్ అల్లిరాజా 2006లో పెట్టింది. ‘2.0’, ‘పొన్నియిన్ సెల్వన్’ సినిమాల మొదట్లో కనిపించే లైకా ఇదే. వలసవచ్చినవాళ్లు ఇంటికి చేసుకునే ఫోన్ల మీద సంపాదించిన సొమ్ము చివరికి చోళరాజుల గుర్రాలకు దాణా అయింది. బ్యాంకు ఖాతా రాగానే కుర్రాళ్లు ఫ్రీ కంపెనీకి మారతారు. 2012 జనవరిలో నెలకు 2 యూరోల ప్లానుతో దిగి మిగతా కంపెనీలన్నిటి ధరలూ దించింది అదే.

నల్గొండ, నెల్లూరు, విజయనగరం: ఒకే కుటుంబం

అమెరికాలో పూచీ పేరు క్రెడిట్ హిస్టరీ. కొత్తగా దిగిన ఎంఎస్ విద్యార్థికి సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు, అప్పు తీర్చిన చరిత్ర ఉండదు. పోస్ట్‌పెయిడ్ అంటే డిపాజిట్ కట్టమంటారు, లేదా కుదరదంటారు. మనవాళ్లు దీనికి కనిపెట్టిన మందు ఫ్యామిలీ ప్లాన్. ఒక లైను కొంటే ధర ఎక్కువ, నాలుగైదు కలిపి కొంటే ఒక్కొక్కరికి సగానికి దగ్గరగా పడుతుంది. సీనియర్ ఒకడు, క్రెడిట్ ఉన్నవాడు, ఖాతాదారు అవుతాడు. మిగతావాళ్లు అతడి కుటుంబం. ఒకడిది నల్గొండ, ఒకడిది నెల్లూరు, ఒకడిది విజయనగరం. ఇంటిపేర్లు కలవవు, కూరలో కారం దగ్గర అసలే కలవదు. కంపెనీ రికార్డుల్లో మాత్రం ఆదర్శ కుటుంబం. నెలాఖరుకు అక్కడి బ్యాంకుల చెల్లింపు సేవ జెల్‌లో డబ్బులు పంపుకుంటారు.

ఈ కుటుంబాలు విచిత్రంగా గట్టివి. చదువులైపోతాయి, ఒకడు డాలస్‌కు, ఒకడు న్యూజెర్సీకి పోతాడు, పెళ్లిళ్లవుతాయి, భార్యల నంబర్లు కూడా అదే ప్లానులో చేరతాయి. ఎవడూ బయటికి పోడు, ఎందుకంటే ఒకడు పోతే అందరి ధరా పెరుగుతుంది. దీనికో చీకటి కోణమూ ఉంది. నంబరు నువ్వు వాడుతున్నా చట్టప్రకారం అది ఖాతాదారుడిది. వేరే కంపెనీకి తీసుకుపోవాలంటే ఖాతా నంబరు, ట్రాన్స్‌ఫర్ పిన్ అతడివ్వాలి. వాయిదాల మీద ఫోన్ తీసుకుని ఉంటే మిగిలిన బాకీ అతడి నెత్తినే. సఖ్యత చెడితే, లేదా అతడు హఠాత్తుగా ఇండియాకు వచ్చేస్తే, నీ అమెరికా బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబరు గాల్లో వేలాడుతుంది. అన్నేళ్లు బిల్లు కట్టినా నీ క్రెడిట్ చరిత్రలో ఒక్క వాక్యమూ చేరదు. ఉద్యోగం రాగానే సొంత పేరున ఒక లైను తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం, స్నేహితులు ఏమనుకున్నా సరే.

ఫోన్ సంగతి కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌లో కొన్న సెట్ అమెరికాలో మోగుతుందన్న పూచీ లేదు. 2022 ఫిబ్రవరిలో ఏటీ అండ్ టీ 3జీని మూసేశాక, తన జాబితాలో లేని మోడళ్లకు సేవ ఆపింది. కొత్తగా కొన్నదైనా సరే, జాబితాలో లేకపోతే అంతే. విమానం ఎక్కేముందు మోడల్ నంబరు కొట్టి చూసుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

గల్ఫ్ దారి వేరు. అక్కడ సిమ్ దొరకడం కష్టం కాదు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. సౌదీలో 2016 నుంచి వేలిముద్ర కూడా వేయాలి. కష్టమంతా మాట్లాడటంలో ఉంది. యూఏఈలో వాట్సాప్‌లో సందేశం వెళ్తుంది, కాల్ వెళ్లదు. ప్రభుత్వం ఒప్పుకున్న బోటిమ్ వంటి యాప్‌లలోనే మాట్లాడాలి. 2018లో అవి వచ్చినప్పుడు మొబైల్‌కు నెలకు 50 దిర్హాముల ఇంటర్నెట్ కాలింగ్ ప్లాన్ వేసుకోవాల్సి వచ్చేది. నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో చదువురాని అవ్వలకు కూడా బోటిమ్ పేరు తెలిసింది అందుకే. వీపీఎన్ పెట్టుకుంటే సరి అని క్యాంపులో ఎవరైనా చెబితే వినకండి. నిషిద్ధమైన పనికి దాన్ని వాడినట్టు తేలితే అక్కడి చట్టంలో జరిమానా 5 లక్షల దిర్హాముల దగ్గర మొదలై 20 లక్షల దాకా వెళ్తుంది. సౌదీ మాత్రం 2017 సెప్టెంబరులోనే ఇంటర్నెట్ కాల్స్ మీద ఆంక్షలు ఎత్తేసింది.

యానాం పక్కనే ఉన్న కోనసీమ నుంచి, అటు కడప నుంచి కువైట్, మస్కట్ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్ల సంగతి ఈ లెక్కలకు అందదు. వాళ్లకు టవరూ ఉంటుంది, సిమ్మూ దొరుకుతుంది. ఫోన్ తన దగ్గర ఉండనిస్తారా, వైఫై పాస్‌వర్డ్ చెబుతారా అన్నది ఇంటి యజమానురాలి దయ. అలాంటి చోటికి వెళ్లేవారు ఇంటి నంబరు ఒకటి, ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం నంబరు ఒకటి కాగితం మీద రాసుకుని బట్టల్లో పెట్టుకోవాలి. ఫోన్‌లో దాచుకున్న నంబరు ఫోన్‌తోపాటే పోతుంది.

ఓటీపీ చెప్పే అమ్మ

ఇక అసలు సంగతి. కొత్త దేశంలో కొత్త నంబరు వచ్చింది, నాలుగు నెలలు హాయిగా గడిచాయి. ఒకరోజు ఇండియాలో బ్యాంకు పని పడుతుంది. ఓటీపీ పాత నంబరుకు వెళ్లింది. ఆ నంబరు ఏమైంది?

ఒకప్పుడు ఏమీ అయ్యేది కాదు. 2005 చివర్లో వచ్చిన లైఫ్‌టైమ్ సిమ్‌లు, 999 రూపాయలు కట్టి తీసుకున్నవి, నెలనెలా రీచార్జి చేయకపోయినా వాటికి ఇన్‌కమింగ్ వస్తూనే ఉండేది. 2018 చివర్లో ప్రైవేటు కంపెనీలు కనీస రీచార్జి పెట్టాయి. నెలకు 35 రూపాయలతో మొదలైన ఆ కనీసం క్రమంగా పెరిగింది. ప్లాన్ ముగిస్తే ముందు అవుట్‌గోయింగ్, తర్వాత కొద్దిరోజులకు ఇన్‌కమింగ్ ఆగిపోతాయి. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే నంబరు రద్దుకు అర్హమవుతుంది. ఖాతాలో 20 రూపాయలుంటే వాటిని కోసుకుని మరో 30 రోజులు నిలపాలని ట్రాయ్ 2013లో పెట్టిన నిబంధన ఉంది. కానీ ప్లాన్ లేని నంబరును నిలపడం వేరు, దానికి ఓటీపీ రావడం వేరు. నిలిపిన నంబరు నీదే, మోగదు.

రద్దయిన నంబరు ఊరికే పోదు. ఇంకొకరికి వెళ్తుంది. కనీసం 90 రోజుల దాకా ఇవ్వరని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ గడువు దాటాక నీ బ్యాంకు సందేశాలు ఒంగోల్లో ఎవరో కొత్త మనిషి జేబులో మోగుతాయి. పాత నంబరుతో వాట్సాప్ వాడుతుంటే అతడు తన ఫోన్‌లో నమోదు చేసుకున్న క్షణాన నీది ఊడిపోతుంది.

అందుకే వెళ్లేవాళ్లు చేయాల్సిన పని ముందే చేయాలి. సిమ్ సొంత పేరున ఉందో లేదో చూడాలి. పదో తరగతిలో నాన్న పేరున తీసుకున్న సిమ్ ఇంకా అలాగే నడుస్తున్నవాళ్లు లక్షల్లో ఉంటారు. ఏడాది ప్లాన్ వేసుకోవాలి. 2024 డిసెంబరులో ట్రాయ్ డేటా లేని, కాల్స్, మెసేజ్‌ల ప్లాన్లు తప్పనిసరి చేశాక, 2025 జనవరిలో ఎయిర్‌టెల్ 1,849 రూపాయలకు 365 రోజులది తెచ్చింది. జియో 1,748కి 336 రోజులది తెచ్చింది. ధరలు మారుతుంటాయి, ఆ తరహా ప్లాన్ ఉందని తెలియడమే ముఖ్యం. బయలుదేరేముందే యాప్‌లో అంతర్జాతీయ రోమింగ్ తెరిపించి, సిమ్‌ను రెండో స్లాట్లో పెట్టి, దానికి డేటా రోమింగ్ ఆపేస్తే, బ్యాంకు మెసేజ్‌లు మామూలుగా ఖర్చు లేకుండానే వస్తాయి. ఫోన్ పోయిందా, డూప్లికేట్ సిమ్‌కు సాధారణంగా మనిషి ఇక్కడి దుకాణానికి రావాలి, వేలిముద్ర వేయాలి. సిమ్ మార్చాక 24 గంటలు మెసేజ్‌లు రావు.

ఎన్నారై ఖాతాకు విదేశీ నంబరునే కట్టే దారి కూడా తెరుచుకుంది. 2023 జనవరిలో యూపీఐ నడిపే సంస్థ ఎన్‌పీసీఐ పది దేశాల నంబర్లతో యూపీఐకి అనుమతిచ్చింది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్, హాంకాంగ్, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్. గల్ఫ్‌లో మనవాళ్లు ఎక్కువగా ఉన్న కువైట్ అందులో లేదు. మూడు వందల ఏళ్ల సంబంధం ఉన్న పుదుచ్చేరి వీధుల్లో అప్పుడు గొణిగి ఉంటారు, ఎందుకంటే ఫ్రాన్స్ కూడా లేదు. అది తర్వాత చేరింది.

ఇవేవీ చేయనివాళ్ల ఇళ్లలో ఒక ఏర్పాటు ఉంటుంది. కొడుకు సిమ్ పాత బటన్ ఫోన్‌లో వేసి అమ్మ దగ్గర పెడతారు. అటు నుంచి వాట్సాప్ కాల్. “అమ్మా, మెసేజ్ వచ్చిందేమో చూడు.” “ఉండరా నాన్నా, కళ్లజోడు పెట్టుకోనీ. నాలుగు, తొమ్మిది, సున్నా... వెళ్లిపోయిందిరా లైటు.” ఈలోపు గడువు అయిపోతుంది, మళ్లీ పంపించు. గోదావరి జిల్లాల నుంచి వరంగల్ దాకా రోజూ వేల ఇళ్లలో నడిచే నాటకమిది. ముచ్చటగానే ఉంటుంది కానీ, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు రోజూ మొత్తుకుంటుంటే, మనం అమ్మకు నేర్పుతున్నది ఫోన్‌లో అడిగితే అంకెలు చదవమని. రేపు కొడుకు గొంతుతో ఇంకెవరో అడిగితే ఆవిడ చదవదా?

కొడుకు అక్కడ వాట్సాప్‌ను ఆ పాత నంబరుతోనే నడుపుతుంటే, ఆ ఏర్పాటుకు ప్రభుత్వం నుంచే గండం వచ్చింది. వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ వంటి యాప్‌లు, నమోదైన సిమ్ ఆ ఫోన్‌లో ఉంటేనే పనిచేసేలా 90 రోజుల్లో మార్చాలని టెలికాం శాఖ 2025 నవంబరు 28న ఆదేశించింది. కంప్యూటర్‌లో తెరిచింది ఆరు గంటలకోసారి మూసుకుపోవాలంది. సరిహద్దుల అవతల కూర్చుని మన నంబర్లతో దోచుకునే ముఠాలను కట్టడి చేయడం దాని ఉద్దేశం. ఆ దెబ్బ తగిలేది మాత్రం సిమ్ అమలాపురంలోనూ వాట్సాప్ మెల్‌బోర్న్‌లోనూ పెట్టుకున్న కుటుంబాలకు కూడా.

ఆ కుటుంబాలకు దారి లేకపోలేదు. వాట్సాప్‌లోనే నంబరు మార్చుకునే వీలుంది, గ్రూపులు, పాత సంభాషణలు పోవు. విదేశీ నంబరును మాటలకు, ఇక్కడి నంబరును డబ్బు వ్యవహారాలకు వేరు చేసేయవచ్చు. చేసేముందు ఆధార్‌లో ఏ నంబరుందో, బ్యాంకులో ఏ నంబరుందో ఒకసారి చూసుకోండి. చాలామందికి రెండు చోట్లా రెండు నంబర్లుంటాయి. అందులో ఒకటి కాలేజీ రోజుల్లో ఎప్పుడో పారేసినది.